కషాయం మామ

షోలాపురపు తూర్పు భాగమున, దాజీపేట మొదలు అశోక చౌకు వరకును అల్లుకొనియున్న మన సాలెవాడలలో తెల్లవారుట సూర్యుని వలన తెలియదు. రాత్ పాళీవారు దిగి పగటి పాళీవారు ఎక్కునప్పుడు మగ్గముల చప్పుడులో పుట్టు చిన్న తడబాటు వలన అది చెవికి తెలియును. శొంఠియు మిరియములును తిప్పతీగయు ఒక్క యిత్తడి గిన్నెలో మరుగునప్పటి ఘాటు వలన ముక్కునకు తెలియును. చెవికి తెలిసినవాడు మరల చద్దరు ముసుగువేసికొని పండుకొనవచ్చును గాని, ముక్కునకు తెలిసినవానికి ఆ భాగ్యము లేదు. ఏలయన ఆ ఘాటు వెంబడినే, చేత గిన్నెయు, చంకలో వేపపుల్లల కట్టయు, నోట "రెండే నిమిషాలు" అను మంత్రమును ధరించి, కషాయం మామ మన గడపలో నిలిచియుండును.

మరాఠీ పొరుగువారు ఈయనను 'కాఢా మామా' యందురు. ఉభయ భాషలకును మామ ఒక్కడే యగుటచే ఈయన బంధుత్వమునకు ఎల్లలు లేవు. అయితే ఈయన ఒక వ్యక్తి యని భ్రమపడకుడు. ఈయన ఒక తెగ. దాజీపేటలో ఒకడు, సాఖరపేటలో ఒకడు, భద్రావతిపేటలో ఇద్దరు. ఆ యిద్దరికిని పరస్పరము మాటలు లేవు. కషాయము మరుగుచుండగనే తేనె కలుపవలెనని యొకరును, చల్లారిన పిమ్మటనే కలుపవలెనని మరియొకరును వాదించి, ఒకే గోడకు ఇరుప్రక్కల కాపురముండియు ఏండ్ల తరబడి ముఖములు చూచికొనక బ్రతుకుచున్నవారు. నేను వర్ణింపబోవునది మా వీథి మామను. కాని చదువరులు తమ వీథి మామను ఇందు గుర్తింపరేని ఆ దోషము నా కలమునదే కాని మామది కాదు.

మామకు అరువదేండ్లు. ఇంటి ముందు గదిలో రెండు కరెంటు మగ్గములు; వానిమీద టర్కీ తువాళ్ళు నేయును. బక్కపలుచని శరీరము, భుజమున తన మగ్గముమీదనే దిగిన తువాలు, చెవులకు సగము వినికిడి, ముక్కునకు నిండు జలుబు. ఆయనకు జలుబు లేని దినమును నేను చూచి యెరుగను. ఇన్ని దినుసులెరిగిన వానికి ఈ పడిశము తగ్గదేమని యెవడైన అమాయకుడు అడిగెనా, మామ తువాలుతో ముక్కు తుడుచుకొని, "ఇది జలుబు గాదురా అల్లుడా, లోపలున్న చెడు బయటికి పోతున్నది" అని గంభీరముగ సమాధానము చెప్పును. ఆ చెడు పదునాలుగేండ్లుగ బయటికి పోవుచునేయున్నది. లోపల నెంత నిలువ యున్నదో ఆ భగవంతునికే యెరుక.

మామ వైద్యమునకు పునాది వంశగౌరవము. పద్మశాలీయులము మార్కండేయుని సంతతివారము. పదునారేండ్లకు చావవలసిన బాలుడు శివలింగమును కౌగిలించుకొని యముని పాశమును త్రిప్పికొట్టిన కథ మనది. ఆయన కొడుకు భావనారుషి తామరతూండ్ల దారములతో దేవతలకు వస్త్రము నేసెను. కావున మృత్యువును గెలుచుటయు, మూలికను గుర్తించుటయు మనకు పుట్టుకతో వచ్చిన విద్యలని మామ సిద్ధాంతము. శ్రావణ పున్నమనాడు, మరాఠీవారు సముద్రునకు నారికేళము సమర్పించి నారళీ పున్నమ చేసికొను ఆ దినముననే, మనవారు జంధ్యములు మార్చుకొని మార్కండేయుని రథము నూరేగింతురు గదా, ఆ జనసమ్మర్దములో రథమును చూచువారు కొందరు, రథమునకు ముందు నడచుచు "గొంతు బొంగురు వోయిందా? అతిమధురం బుగ్గల వెట్టుకో" యని యిరుప్రక్కల పంచుచుపోవు మామను చూచువారు మరికొందరు.

వంశము చాలనివారికి మామ శాస్త్రము చూపును. ఆయన పెట్టెలో మొదటి పుటలును కడపటి పుటలును లేని బసవరాజీయము ఒకటి కలదు. అందుచే ఏ వ్యాధి ప్రకరణము ఎచ్చట మొదలగునో ఏ మందు ఎచ్చట ముగియునో ఆయన స్వయముగ నిర్ణయించుకొనవలసివచ్చును. ప్రకృతి చికిత్సలో నైతే ఆయన అభిమానము ఆకాశమంటును. లైప్జిగు నగరపు లూయీ కూనే వ్రాసిన జలచికిత్సా గ్రంథమును 1894లో వెంకటచలపతి శర్మగారు తెలుగు చేయుటతోనే ఈ వైద్యము మన దేశమున కాలూనినదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట యెత్తినపుడెల్ల మామ, ఆ జర్మను వైద్యుడు తెలుగు నేర్చుకొనుటకే పుట్టినట్లు మురిసిపోవును. కాని ఆయన నిజమైన ఇలవేల్పు బవేరియా దేశపు సెబాస్టియన్ క్నైప్. ఈ మహనీయుడు 1821లో ఒక నేతగాని కడుపున బుట్టి, చిన్ననాట తండ్రి మగ్గమునకే తోడుపడి, పిమ్మట ఊపిరితిత్తుల జబ్బుతో నీరసించి, 1849 శీతకాలమున గడ్డకట్టు డాన్యూబు నదిలో మునిగి లేచి స్వస్థుడై, క్రైస్తవ గురువై, చన్నీటి చికిత్సకు లోకమెల్ల పేరుపొందెను. ఈ వృత్తాంతమును మామ ఎచ్చట వినెనో కాని, విన్ననాడు నిద్రపోలేదు. "సాలోడు! సాలోని కొడుకు! వాడు గూడ మనోడే!" యని వీథి వీథికి చాటి, క్నైప్‌గారి గోత్రము తెలిసికొనుటకై మా బడిపంతులుగారిని వారము దినములు పీడించెను. పుణె పోవు రైలు ఉరుళీ కాంచన్ దాటునపుడు, 1946లో గాంధీమహాత్ముడు ప్రకృతి చికిత్సాశ్రమము నెలకొల్పిన చోటని కిటికీలోనుండి చేతులు జోడించును. ఆ జోడించిన చేతులతోనే మరునిమిషమున వేడివేడి బటాటావడ అందుకొనును. ప్రయాణములో పథ్యము లేదట.

ఇట్టి పండితునకు శ్రోతలు కరవగుదురా? కారు, కాని వారి చెవులు కరవగును. మగ్గపు షెడ్డులోని ధ్వని తొంబది డెసిబెల్లులు దాటును. ఒకప్పుడు ఇంగ్లండు దేశపు లాంకషైరు మిల్లులలోని నేతపడతులు ఇట్టి రొదలో మాట వినబడక, పెదవుల కదలికనే చదువుకొను విద్యను అలవరచుకొనిరి. మా వాడలో ఆ విద్య సగమే వచ్చినది. అందుచే మామ షెడ్డు ద్వారమున నిలిచి చేయు వైద్యమునకు, రోగి స్వీకరించు వైద్యమునకు నడుమ నాడె వేగముతో ఒక పాఠాంతరము పుట్టుచుండును. గొంతునొప్పితో నున్న యొక కుఱ్ఱవానికి ఉప్పునీరు "పుక్కిలించు" మనగా, వాడు చెంబెడు నీటిని "పుచ్చుకొని" మధ్యాహ్నము వరకు వాంతులు చేసికొనెను. ఇంకొక ఆసామికి చక్కెర వ్యాధి. "పొద్దుగాల పరిగడుపున మెంతులు!" అని మామ యరచెను, "పొద్దుగాల పరిగడుపున గంతులు!" అని ఆసామి వినెను. ఆ మరునాటినుండి నలుబదియైదేండ్ల ఆ స్థూలకాయుడు తెల్లవారుజామున వీథిలో అటునిటు గంతులు వేయుచుండగా కుక్కలు మొరుగుట మానివేసి దూరముగ కూర్చుండి చూచెడివి. నెల గడచునప్పటికి వానికి ఆకలియు నిద్రయు బాగుపడెను, పొట్టయు కొంత తగ్గెను. డాక్టరు కాగితము చూచి సంతోషించి, ఇట్లే చేయుచుండుమనెను. మామ ఆ విజయమును తన మెంతుల ఖాతాలో వ్రాసికొనెను. మెంతులు ఆసామి యింట డబ్బాలోనే కలవు.

మామ యుపదేశములలో కెల్ల గంభీరమైనది వేగధారణ నిషేధము. మలమూత్రములు, తుమ్ము, దప్పి, ఆకలి, నిద్ర మొదలుగా గల పదుమూడు వేగములను ఆపరాదని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున చెప్పెను. మామ ఈ పదుమూడింటిని వ్రేళ్ళు మడచుచు ఏకరువు పెట్టుచుండగా, నాలుగు మగ్గముల నడుమ బొంగరమువలె తిరుగుచున్న యొక యువకుడు, "ఆపొద్దంటె సరే మామా, నేను బయటికి వొయినంక పోగు దెగితె నీ వాగ్భటుడొచ్చి అతుకుతడా?" యని యడిగెను. మామ జీవితమున సమాధానము దొరకని ప్రశ్నలు రెండో మూడో కలవు. ఇది వానిలో మొదటిది.

రెండవది ఇంటిలోనే పుట్టినది. దీనిని చెప్పుటకు ముందు "రెండే నిమిషాలు" అను మంత్రము యొక్క మహిమ చెప్పవలెను. మామ తన వైద్యము పని తొందరలోనున్న వారికే యని ఘంటాపథముగ చెప్పును. రాజులకు రాజవైద్యము, తీరికగలవారికి పంచకర్మ. మనబోంట్లకు రెండు నిమిషముల అలవాట్లు చాలును. ఏది చెప్పినను రెండే నిమిషములు. మామ భార్య, వీథివారందరికిని అత్తమ్మ, బీడీలు చుట్టు మనిషి. వేయింటి లెక్కన పగారు పుచ్చుకొను వారికి గణితము వ్రేళ్ళ కొనలలో నుండును. కట్టకు 25, వేయికి 40 కట్టలు, పనికిరావని తీసివేయు ఛాట్ పోగా మిగిలినదెంత యని నిద్రలోనైన చెప్పగలరు. ఒకనాటి సాయంకాలము అరుగుమీద మామ ఉపన్యాసము సాగుచుండగా అత్తమ్మ తల యెత్తకయే, ఒడిలోని చాటలోనుండి అయిదు నిమిషములకు ఒక తునికాకు చొప్పున ఎంచి ప్రక్కన పెట్టసాగెను.

లేవగానే గొంతుకూర్చుండి గోరువెచ్చని నీరు గుటకగుటకగ త్రాగుటకు 10 నిమిషములు, వేపపుల్లకును నాలుకబద్దకును 10, నువ్వులనూనె పుక్కిటబట్టుటకు 15, త్రిఫలజలముతో కన్నులు కడుగుటకు 10, ముక్కున నేతిచుక్కలు వేసికొని తల వెనుకకు వాల్చుటకు 5, ఒడలికి నూనె పట్టించి యది యింకువరకు నిలుచుటకు 40, తొట్టిలో కటిస్నానమునకు 20, లేయెండకు 20, ప్రాణాయామమునకు 20, నాలుగు గ్లాసుల నీరు ఒక్క గ్లాసగువరకు కషాయము కాచుటకు 30, ముద్దకు ముప్పదిరెండు నములుళ్ళ చొప్పున రెండుపూటల భోజనమునకు 60, భోజనానంతరపు నూరడుగుల శతపావళికి రెండుపూటలకును కలిపి 20, మధ్యాహ్నము ఎడమ ప్రక్కకు తిరిగి పండుకొను వామకుక్షికి 20, రాత్రి ఉప్పు కలిపిన వేడినీట పాదములుంచుటకు 20, పిదప అరికాళ్ళకు ఆముదము రాచుటకు 20. పదునైదు అలవాట్లు. మామ లెక్కకు అరగంట. తునికాకుల లెక్కకు అరువదినాలుగు ఆకులు, అనగా 5 గంటల 20 నిమిషములు.

అత్తమ్మ ఆకులను దొంతిగా పేర్చి, అప్పుడు తల యెత్తెను. "పాళీ పన్నెండు గంటలు. నిద్ర ఎనిమిది గంటలని నువ్వే అంటివి. ఇవన్ని ఐదుగంటల ఇరువై నిమిషాలు. మొత్తం ఇరువైఐదు గంటల ఇరువై నిమిషాలాయె. రొట్టెలెప్పుడు చెయ్యాలె? నీళ్ళెప్పుడు పట్టాలె? నా వెయ్యి బీడీలు ఎప్పుడు జేయాలె?"

అరుగంతయు నిశ్శబ్దమాయెను. మామ ఒక్క క్షణము గడ్డము నిమురుకొని, వాదమున నెగ్గినవాని ముఖముతో, "అందుకే గద, గంటా ఇరువై నిమిషాలు ముందుగాల లెవ్వుమంటున్న!" అనెను.

ఈ దినచర్యను మామ స్వయముగ ఆచరించుచున్నాడాయని చదువరి శంకింపవచ్చును. ఆయనకు తీరిక యేది? ఉదయము ఇరువది గడపలు తిరిగి వచ్చువేళకు పడుగు ఎక్కింపవలెను, కండెలు చూడవలెను, సేట్ మనిషి వచ్చి తువాళ్ళు లెక్కపెట్టుకొని పోవలెను. అంబలి త్రాగుమని లోకమునకు చెప్పి తాను నిలువుకాళ్ళమీద చహా త్రాగును. ముప్పదిరెండుమార్లు నమలుమని చెప్పి తాను శేంగా చట్నీ అద్దిన కడక్ భాకరీని రెండు విరుపులలో మింగును. ఒకనాడు ఆయన మొలనుండి ధోవతి ముడి సడలి, దవాఖాన గోళీల అట్టయొకటి నా కాళ్ళయొద్ద పడెను. అందు పదింట ఆరు ఖాళీ. నేను దానిని అందీయగా మామ కొంచెమైనను తడబడక, "ఇది మందు గాదు, అనుపానం" అనెను.

అంతమాత్రమున మామను కపటియని తలచితిమా, మహాపాతకము. ఆయన సంచిలో సత్యము లేకపోలేదు. గొంతునొప్పికి ఉప్పునీటి పుక్కిలింత, ముక్కు బిగిసినప్పుడు వేడినీటి ఆవిరి, విరేచనములైనప్పుడు గంజియు ఉప్పును, కడుపుబ్బరమునకు వాము, దూది దుమ్ములో ముక్కునకును నోటికిని తడిగుడ్డ కట్టుకొనుట, జకార్డు పువ్వుమీద చూపు నిలిపి నిలిపి అలసిన కన్నులను నడుమ నడుమ వీథి చివరి వేపచెట్టుమీదికి పంపుట, బీడీలు చుట్టు ఆడువారు గంటకొకసారి లేచి మెడయు మణికట్లును త్రిప్పుట, ఇవి యెల్ల ఖర్చులేని సుఖములు. వీనిని ఏ డాక్టరును కాదనడు. అంతకంటె ముఖ్యమొకటి కలదు. ఎవనికైన రెండు వారములు దాటి దగ్గు నిలిచెనా, గళ్ళలో నెత్తురు జీర కనబడెనా, మామ ముఖమున హాస్యము మాయమగును; గిన్నె దింపివేయును; వాని చేయిపట్టి ఆటోలో కూర్చుండబెట్టి సివిల్ దవాఖానకు తానే కొనిపోయి, వరుసలో తానే నిలుచును. "ఆడ నా కషాయం నోరు మూసుకోవాలె" యని యొకసారి నాతో మెల్లగ ననెను. చీనాదేశపు యుద్ధరంగమునకు పోయి గాయపడినవారికి సేవచేయుచు అచ్చటనే 1942లో కన్నుమూసిన డాక్టరు కోట్నీసు ఈ యూరివాడే యని మనమందరము గర్వపడుదుము. మామ దేశము దాటలేదు, కాని ఆ వరుసలో నిలిచిన గంటలను కూడిన చీనా దూరము కాకపోవచ్చునా?

అయితే రోగమును గుర్తించుట యొకటి, దాని మూలమును గుర్తించుట మరియొకటి. వారపు సెలవు ముగిసి షెడ్డులోనికి పోయిన మొదటి దినమున పలువురకు రొమ్ము బిగియుననియు, వారము గడచుకొలది అది సడలుననియు మామ ఇరువదేండ్ల క్రిందటనే కనిపెట్టెను. దూది దుమ్ము పీల్చువారికి కలుగు ఈ బాధను వైద్యులు సోమవారపు జ్వరమని పేర్కొని గ్రంథములు వ్రాసియున్నారు. మామ పరిశీలనకు వారెవ్వరును తీసిపోరు. నిర్ణయమున మాత్రమే భేదము. "సెలవునాడు మటన్ తింటిరి, మరునాడు రొమ్ము పడుతున్నది" అని ఆయన తీర్పు. దుమ్మును ఆపుటకు షెడ్డు మార్పవలెను, మటన్ ఆపుటకు నోరు మార్చిన చాలును. వైద్యుడు తన చేతనైన రోగమునే గదా కనిపెట్టును!

ఇక చైత్రమాసపు ఒక మధ్యాహ్నమును వర్ణించి విరమింతును. ఎండ నలుబది డిగ్రీలు దాటియున్నది. రేకుల క్రింద మగ్గములు పెనుగాలివలె ఆడుచుండగా, ఉన్నట్లుండి కరెంటు పోయెను. ఆ నిశ్శబ్దము మొట్టమొదట మాకు చెవికి కాక అరికాళ్ళకు తెలిసెను. నిత్యము అదురుచుండు నేల ఆగిపోయినది. ఒక్కొక్క తలుపునుండి ఒక్కొక్కరు, మెడల దూదిపింజలతో, వెలుతురునకు కన్నులు చిట్లించుచు వెలువడి వేపచెట్టు క్రిందికి చేరిరి. వాగ్భటుని ప్రశ్నించిన యువకుడు గోడ చాటునకు పోయి వచ్చి, ఒక నిట్టూర్పు విడిచెను. గంతుల ఆసామి అటునిటు పచారు చేయసాగెను. ఆడువారు చాటలు దింపి, కాళ్ళు చాపుకొని, ఒకరి మెడ నొకరు నొక్కుకొనిరి. ఒక ముదుసలి కుండలోని నీరు అందరకును ముంచి యిచ్చెను. పడుగు పోగులలో చిక్కుకొన్న చూపులన్నియు చెట్టుకొమ్మల నడుమనున్న ఆకాశమునకు పోయి అచ్చటనే విశ్రమించెను. ఇద్దరు, నేనెరుగుదును, ఎడమప్రక్కకే తిరిగి, గురక పెట్టిరి.

మామ గిన్నెతో వచ్చెను. ఆ యెండలో పొగలు చిమ్ము కషాయమును చూచి అందరును మర్యాదగ "పెట్టిపో మామా, చల్లారనీ" యనిరి. కొంతసేపటికి ఆయన ఒక్కొక్కని యొద్దకు వచ్చి, "ఎట్లున్నది?" అని యడుగుచు పోయెను. తలనొప్పివాడు తగ్గినదనెను. కన్నులమంటవాడు చల్లబడినదనెను. అత్తమ్మ సైతము మణికట్టు త్రిప్పి చూచికొని, "జర నయమే" యనెను. మామ కన్నులు చెమర్చెను. నలుబది నిమిషములు ఇట్లు గడచెను.

కరెంటు వచ్చినది. నేల అదిరినది. అందరకంటె ముందు పరుగిడినవాడు మామయే. రెండు మగ్గములు ఆయనకొరకు ఊరక తిరుగవు గదా. గిన్నె చెట్టు మొదట నిండుగ నుండిపోయెను. ఒక మేక వచ్చి వాసన చూచి, తల విదలించి, వేపాకులే మేలని వెళ్ళిపోయెను.

నాటి రాత్రి మామ, దినదినమును రోగుల గుణదోషములు వ్రాయు తన పుస్తకమును నాకు గర్వముతో చూపెను. తేదీ క్రింద, "కషాయము. 11 మందికి. అందరికిని గుణము కనబడినది" అని యుండెను. ఆ పదునొకండుగురిలో నేనును ఒకడను. ఆ మధ్యాహ్నము నేను త్రాగినది కుండనీరు.